ఐదు నిమిషాల గంట

మొదటి కాన్పులో కుట్లు పడ్డాయని ఆమె అందరికీ చెప్పేది. ఎన్ని పడ్డాయో, ఆ తర్వాత రెండున్నర నెలలు ఎలా గడిచాయో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. బేకరీ వ్యాను నడిపే మనిషి ఆమె. రోజంతా కూర్చుని చేసే పని. అన్నాళ్ళూ సీటులో ఒక పక్కకి ఒరిగి, గతుకు కనబడితే ముందే పళ్ళు బిగబట్టి నడిపింది. ఇప్పుడు రెండోసారి ఎనిమిదో నెల నిండింది. బిడ్డ తల కిందికి తిరిగిందని కాన్పులు చూసే నర్సమ్మ సంతోషంగా చెబుతుంటే, ఆమె మనసులో ఒక్కటే ప్రశ్న.

"మళ్ళీ చిరుగుతుందా అండీ?"

నర్సమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "చిరగదని మాటివ్వలేను. తగ్గించుకునే దారి మాత్రం ఉంది. ముప్ఫై అయిదో వారం వచ్చింది కదా, ఇవాళే మొదలుపెట్టొచ్చు."

ఆవిడ చుట్టూ తిప్పకుండా చెప్పింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. వాసన లేని మంచి నూనె కాస్త రాసుకుని, బొటనవేళ్ళు యోని ద్వారం లోపలికి కొద్దిగా పెట్టి, కిందికీ పక్కలకీ మెల్లగా నొక్కి సాగదీయాలి. చురుక్కుమనబోయే చోట ఆగి, అక్కడే కాసేపు పట్టి ఉంచాలి. రోజుకోసారి, ఐదు నిమిషాలు. అంతకు మించి వద్దు.

"పొట్ట అడ్డం. నాకు చెయ్యి అందదు."

"మీ ఆయన చేస్తారు."

"ఆయనవి పిండి పిసికే చేతులండీ."

"అయితే ఇంకేం. ఎక్కడ ఆపాలో తెలిసిన చేతులు," అంది నర్సమ్మ.

బేకరీ కింద, ఇల్లు పైన. విషయం విన్న భర్త తన చేతులకేసి చూసుకున్నాడు.

"నేనా?"

"వీధిలో ఇంకెవరినైనా అడిగి చూడమంటారా?"

"అది కాదే. నా బొటనవేలు చూడు, ఎంతుందో."

అలా అంటూనే వెళ్ళి గోళ్ళు కత్తిరించుకొచ్చాడు. వాటిని వేలితో తడిమి చూసుకుని, మళ్ళీ వెళ్ళి ఇంకాస్త కత్తిరించుకొచ్చాడు.

మొదటి రెండు రోజులూ అతను నిప్పుని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.

"నొక్కుతున్నారా, పలకరిస్తున్నారా?" అందామె.

మూడో రోజుకి భయం తీరింది. నాలుగో రోజు అతనే ఒక సంగతి కనిపెట్టాడు. "నువ్వు దవడ బిగించినప్పుడల్లా ఇక్కడంతా రాయిలా అయిపోతోంది. పిండిముద్ద కూడా అంతే. లాగితే తెగుతుంది. పట్టుకుని ఆగితే అదే వదులవుతుంది. నోరు కాస్త తెరిచి ఊపిరి వదులు."

ఆమె వదిలింది. నిజమే, ఆ చురుకు అలాగే ఉంది గానీ దాని పదును తగ్గింది. చురుక్కుమంటే చిరిగిపోయినట్టే అని మొదటి కాన్పు నాటి నుంచి ఐదేళ్ళుగా అనుకుంటూ వచ్చింది ఆమె.

మధ్యాహ్నం రెండో వాయి బన్నులు పొయ్యిలో పెట్టి, కాపలాకి తల్లిని కూర్చోబెట్టి అతను పైకి వచ్చేవాడు. ఐదు నిమిషాలు దాటకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి, బేకరీలో బన్నులకి టైము పెట్టే రెండు కీ గంటల్లో ఒకటి తిప్పి తెచ్చుకునేవాడు. అది రోజూ దిండు కింద మోగేది. ఆరో రోజు దిండు కింద పెట్టడం మరిచాడు. ఇల్లంతా ఖంగుమంది. పొయ్యి ముందు కునుకు తీస్తున్న అత్తగారు ఉలిక్కిపడి లేచి, పొయ్యి తలుపు తీసి, అరవై బన్నులు బయటికి లాగింది. తెల్లగా, మధ్యలో గుంటలు పడి, ఏడుపు మొహాలేసుకుని అవి రేకుల మీద కూర్చున్నాయి.

కొడుకు చేతులు కడుక్కుని పరిగెత్తాడు. పొట్ట పట్టుకుని వెనకే కోడలు దిగింది.

"గంట మోగింది, తీశాను," అంది అత్తగారు. తర్వాత బల్ల మీది గంట చూసింది. అది ఇంకా టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. "మరి మోగిందేదిరా? పైన ఏం వండుతున్నారు?"

"అదీ... ఏం లేదమ్మా..."

"మీరు ఉండండి," అని కోడలు ఉన్నదున్నట్టు చెప్పేసింది, నూనెతో సహా. అతను బన్నులు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు.

అత్తగారు బన్నుల రేకు పక్కకి నెట్టింది. కొడుకు తలకేసి చూపించింది. "ఈ బుర్ర చూశావా అమ్మాయ్? ఇది బయటికొచ్చాక ఆర్నెల్లు నేను నిలబడే అన్నం తిన్నాను. అడిగినవాళ్ళకి నడుంనొప్పి అని చెప్పాను. మీ మావయ్యకీ అదే చెప్పాను." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒరేయ్, ఆ గంట ఇలా తే. పైన గోడకి గడియారం ఉంది. చూడ్డం రాదా? ఒక్క రోజు కూడా మానకండి."

నెల తిరిగాక ఒక ఉదయం, పది దాటిన వేళ నొప్పులు ముదిరాయి. కాన్పు గదిలో ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డ అక్కడ ఒత్తి పట్టుకుంది నర్సమ్మ. తలవైపు భర్త. బిడ్డ తల అంచు కనబడగానే ఆ పాత మంట లేచింది. ఆమె ఒళ్ళంతా కొయ్యబారింది. అయిపోయింది, మళ్ళీ అదే అనుకుంది.

"ఇప్పుడు ముక్కకండి," అంది నర్సమ్మ. "ఊది వదలండి. తొందరేం లేదు."

"దవడ," అన్నాడు భర్త చెవిలో.

ఆమె నోరు తెరిచింది. చిన్నచిన్నగా ఊదింది. మంట అంచు దాకా వచ్చి ఆగింది. ఈ చోటు తనకి తెలుసు. ఆమె ఆగింది. నర్సమ్మ చెయ్యి బిడ్డ తలని ఆనుకుని, దూకకుండా ఆపుతోంది. ఒక నొప్పి, మధ్యలో విరామం, మళ్ళీ ఒక నొప్పి. తల మెల్లగా జారింది. తర్వాత భుజాలు. ఆ వెంటనే గది దద్దరిల్లేలా ఏడుపు.

"చిరిగిందా?" అందామె.

నర్సమ్మ దీపం దగ్గరకి లాక్కుని నిదానంగా చూసింది.

"పైపైన చిన్న గీత. కుట్టు అక్కర్లేదు. దానంతటదే మానుతుంది."

అతను ఉన్నపళంగా నేల మీద చతికిలబడ్డాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతలో తలుపు కాస్త తెరుచుకుని అత్తగారి మొహం కనబడింది.

"కుట్లు పడ్డాయా?"

"లేదమ్మా," అన్నాడు కొడుకు కిందనించే.

నర్సమ్మ తువాలులో చుట్టిన బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. "ముగ్గురికీ ఒకటే గొడవ. ఇక్కడ ఒక మనిషి పుట్టి గొంతు చించుకుంటుంటే, ఆడో మగో అడిగే నాథుడే లేడు."

తల్లి తువాలు కొస పైకెత్తి, "ఇంతకీ నువ్వెవరమ్మా?" అంది.