నిమ్మ ఎక్కువైంది

ఈ నురగ కూడా మనది కాదట, ఈ గోడా, ఈ కుళాయీ, నా చేతిలోంచి జారిపోతున్న ఈ సబ్బూ ఎక్కడో దీవిలో ఉన్న కంపెనీవట, కడుగు, ఇంకా కడుగు, మండుతున్నది చేతులు కాదు, ఒళ్లు, అది కడిగితే పోతుందా, అక్కడ మీటింగు గదిలో వకీలు నా సంతకం కోసం కాళ్లూపుకుంటూ కూర్చుని ఉంటాడు, ఎంత తీయగా చెప్పాడు, చట్టమే అంటోంది కదా మేడం, అసలు నిర్ణయాలు ఎక్కడ తీసుకుంటే కంపెనీ అక్కడిది, మా డైరెక్టర్లు ముగ్గురూ ఆ దీవిలోనే ఉంటారు, అన్నీ వాళ్లే తేలుస్తారు, ఇక్కడున్నది ఉత్త ఫ్యాక్టరీ, లాభం మీద పన్నంటారా, అక్కడ పన్నే లేదు, అది మా తప్పా, అని ఒక నవ్వు, పన్నుల ఆఫీసర్ని నేనుండగా, నా ముఖం మీదే, పక్కన మా పై అధికారి తల ఊపుతూ, ఏమ్మా, ఇంకా ఏం చూస్తావు, అభ్యంతరం లేదని రాసి పడెయ్, పెద్దవాళ్లతో మనకెందుకు, మనకెందుకట, మనకు కాకపోతే ఇంకెవరికి, ఇవాళ నేను రాసిచ్చేస్తే ఇక ఏ ఏడూ వీళ్లని నోరెత్తి అడగలేం.

అమ్మ ఈ గోడ అవతలే నడుము వంగిపోయేదాకా సబ్బులకు కాగితం చుట్టింది, తను చుట్టిన సబ్బునే మళ్లీ వీధి చివర కొట్లో కొనుక్కుంది, దాని మీదా పన్ను కట్టింది, కొట్టువాడితో బేరమాడింది గానీ పన్ను దగ్గర కిక్కురుమనలేదు, ఆవిడ ఏ దీవికి పోతుంది, పిన్ని ఇంటికి పోవాలంటేనే బస్సు చార్జీకి వెనకాడే మనిషి, ఆవిడైతే కట్టాలి, వీళ్లు బోర్డు మార్చేసి చేతులు దులుపుకుంటారు, సిగ్గు లేదూ, కోపానికి ఏడుపొస్తోంది నాకు, ఛీ, కళ్లు ఎర్రబడితే ఆ వకీలు సంబరపడిపోతాడు.

నిమ్మ వాసన, కడిగినకొద్దీ నిమ్మ వాసన, పొద్దున పెద్దాయన అన్నదీ ఇదే, ఈ కంపెనీ పెట్టిన ముసలాయన, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి ట్రేలోంచి ఒక సబ్బు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నిమ్మ ఎక్కువైందిరా, ఆపండి, అన్నాడు, అంతే, మిషన్లు ఆగిపోయాయి, మేనేజరు పరుగెత్తి లారీకెక్కించిన పెట్టెలు కూడా దింపించాడు, నాకు నవ్వొచ్చింది, వకీలూ నవ్వాడు, మా పెద్దాయన వాసన చూడందే ఒక్క సబ్బు గేటు దాటదు మేడం, అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా, అమ్మదీ ఇంట్లో అదే మాట, ఆయన ఊఁ అంటేనే మాకు పని, అని, ఆగు, ఆగు, ఆపమన్నది ఎవరు, దీవిలో ముగ్గురికి ఫోను చేశారా, చెయ్యలేదు, కనీసం అడుగుదామని ఎవరికీ తోచలేదు, నిర్ణయం అంటే ఇంకేమిటి, అది నా కళ్లముందే జరిగింది, నేనేమో నవ్వుతూ నిలబడ్డాను.

తలుపు కొడుతున్నారు, ఏమ్మా, అయిందా, వస్తున్నా సార్, చేతులు తుడుచుకోను, ఈ వాసన ఇలాగే ఉండనీ, అభ్యంతరం ఉందని రాస్తాను, ఉద్యోగం ఏమైతే అది కానీ, వద్దనే మనిషి ఎక్కడుంటే కంపెనీ అక్కడిదే, ఆయన ఇక్కడే ఉన్నాడు, ఈ కంపెనీ ఎక్కడికీ పోలేదు.