పొయ్యి మీద ఏమీ లేదు

తడిబట్టల బక్కెట్టు ఎత్తుతుంటే తుమ్ము వచ్చింది. బక్కెట్టు దించి, కాళ్లు దగ్గరికి చేర్చి గోడ పట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది. ఉతికినవి ఆరేయడం వదిలేసి, ముందు ఒంటి మీదివి మార్చుకోవడానికి వెళ్లాను. "పని మొదలుపెట్టి మధ్యలో మాయమవడం నీకు అలవాటే" అంది అత్తయ్య గదిలోంచి.

పాప పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. నడుంనొప్పి కూడా అప్పటి నుంచే. నడుంనొప్పి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అది నలుగురిలో చెప్పుకోదగ్గ నొప్పి కనుక. ఆయన బెల్టు కొనిచ్చారు. అత్తయ్య బామ్ ఇచ్చి, మేము కనలేదా, మాకు నడుములు లేవా అని ఊరికే రెండు మాటలు కూడా ఇచ్చింది. రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి తానులు దించుతాను, విప్పుతాను, మళ్లీ చుడతాను. బాత్రూముకి వెళ్లాలంటే మేనేజరు బల్ల ముందు నుంచే దారి. పక్కవాళ్లకి వినబడేలా "మళ్లీనా?" అంటాడు. అందుకని షాపులో నీళ్లు తాగడం మానేశాను. అదీ చాలక, నవ్వడం మానేశాను.

మా ఆయన సరదా మనిషి. నలుగురు చేరితే కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తారు. పెళ్లయిన కొత్తలో, అన్నం తినేటప్పుడు మాత్రం వద్దండీ, పొలమారుతుంది అని బతిమాలుకునేదాన్ని. ఇప్పుడు ఆయన గొంతు సవరించుకుంటే చాలు, పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచిపోతాను. పొయ్యి మీద ఏమీ ఉండదు. వంటగదిలో కాళ్లు మెలేసుకుని నిలబడి, వాళ్ల నవ్వులు అయ్యాక వస్తాను. హెడ్‌మాస్టరుగారు వచ్చారు, అందరూ నోళ్లు మూసుకోండి అంటారాయన. ఆ పేరు చుట్టాల దాకా పాకింది.

మొన్న పాప బడి నుంచి వచ్చి నాన్నమ్మకి వాళ్ల టీచరు నడక చేసి చూపిస్తోంది. నేను గుమ్మంలోకి రాగానే ఆపేసింది. "అమ్మ నవ్వదులే" అంది. కోపంగా కాదు. అమ్మకి పాలు పడవు అన్నంత మామూలుగా అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. మర్నాడు షాపుకి సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లాను.

అక్కడి ఫిజియోథెరపిస్టు నాకంటే చిన్నది. బెల్టు విప్పించి, నడుం నొక్కి చూసి, "నవ్వినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం పడుతోందాండీ?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే పడదు, అదొక్కటే నయం.

నడుముకి కింది నుంచి దన్నుగా ఉండే కండరాలు కొన్ని ఉంటాయట. నావి కాన్పులో సాగి, బలం తగ్గాయట. పడుకోబెట్టి, మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించమంది. బిగించాను. "పళ్లు కాదండీ" అంది. మళ్లీ బిగించాను. పిడికిళ్లు వదలమంది, పొట్ట వదలమంది, ఊపిరి వదలమంది. ఒక్కొక్కటే వదులుతూ పోతే, బిగించాల్సింది ఎక్కడుందో నాకే తెలియలేదు. ఇంతకాలం ఒళ్లంతా బిగబట్టుకునే బతికాను, అదొక్కటి తప్ప.

మానకుండా చేయాలని, నెలలు పట్టొచ్చని చెప్పింది.

"అప్పటిదాకా నవ్వకూడదా?" అన్నాను.

ఆ అమ్మాయి రాస్తున్నది ఆపి నా వంక చూసింది. "నవ్వొద్దని ఎవరన్నారండీ?"

ఎవరూ అనలేదు. అదే ఆలోచిస్తూ ఇంటికి నడిచాను.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. లేచిపోతాననుకుని పాప కాళ్లు పక్కకి తీసుకుని నాకు దారిచ్చింది. నేను లేవలేదు. మీ టీచరు ఎలా నడుస్తుందో చూపించు అన్నాను. పాప కాసేపు అనుమానంగా చూసి, పుస్తకాలు చంకలో పెట్టుకుని బాతులా నడిచింది. గోడ దాకా వెళ్లి, తిరిగి, లేని కళ్లజోడు సర్దుకుంది. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తడిసింది. కుర్చీ కూడా తడిసింది. అత్తయ్య ముక్కున వేలేసుకుంది.

"ఏంటిది?" అన్నారాయన.

"కాన్పు అయినప్పటి నుంచీ నవ్వితే ఇంతే. అందుకే లేచిపోయేదాన్ని. పొయ్యి మీద ఎప్పుడూ ఏమీ లేదు."

పాప తనే ఏదో తప్పు చేసినట్టు బిక్కమొహం వేసుకుని నిలబడిపోయింది. అందరూ నేను లేచి బట్టలు మార్చుకోవడానికి వెళ్తానని చూస్తున్నారు.

"ఆపావేమే, ఇంకోసారి నడు" అన్నాను, తడి కుర్చీలో అలాగే కూర్చుని.