మిగిలిన మూడు వరుసలు

నలభై ఏళ్ళుగా ఎండిన సొరబుర్రల మీద బొమ్మలు చెక్కుతున్న హిలారియో, నిన్న మొన్న ఉలి పట్టినవాడు చేసే తప్పు చేశాడు. అదీ చనిపోయిన కూతురి కోసం చెక్కుతున్నదాని మీద.

కొండల్లోని ఆ కోచస్ ఊళ్ళో మనిషి కథ చెక్కాలంటే ముందు సొరబుర్ర చుట్టూ, అడుగు నుంచి తొడిమ దాకా వరుసలు గీసుకుంటారు. పుట్టుక, బాప్తిస్మం, తొలిసారి జుట్టు కత్తిరించడం, బడి, పంటకోతల చిందు, పెళ్ళి, పిల్లలు, ముసలితనం. హిలారియో చెయ్యి అలవాటు కొద్దీ ఎనిమిది వరుసలకూ గాట్లు పెట్టేసింది. కూతురు నెలీడా పందొమ్మిదేళ్ళకే పోయిందని ఆ చేతికి ఎవరు చెప్పాలి? ఆ పిల్ల సంతకు వెళ్తున్న వ్యాను లోయలో పడి ఏడాది కావస్తోంది.

ఐదు వరుసలు నిండాయి, పై మూడూ బోసిగా ఉన్నాయి. ఉలి గాటు చెరిపితే చెరిగేది కాదు. ఖాళీ వదిలిన సొరబుర్రను ఆ ఊళ్ళో ఎవరూ చనిపోయినవాళ్ళ ముందు పెట్టరు. ఏడాదికోసారి చనిపోయినవాళ్ళ ఆత్మలు ఇంటికొచ్చే పండుగ రేపే. భార్య ఫావుస్తినా కూతురికి ఇష్టమైన పాపాయి ఆకారపు రొట్టెలు అప్పుడే కాల్చి పెట్టింది.

"ఇంకా చూస్తావేంటయ్యా? పెళ్ళి చెక్కు," అంది.

"జరగని పెళ్ళి ఎట్లా చెక్కేది? నేనెప్పుడూ అబద్ధం చెక్కలేదు."

"అబ్బో. పోయినేడు మేయరు పొట్ట సగానికి తగ్గించి చెక్కిందెవరో? ఆయనకు చేసిన మర్యాద నీ కూతురికి చెయ్యలేవా?"

అతనికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఉలి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆరో వరుసలోకి బాకాలవాళ్ళు, చిందులేసే చుట్టాలు, మొక్కజొన్న కల్లు కుండలు వచ్చి చేరాయి. పెళ్ళికొడుకు టోపీని ముక్కు దాకా దించి చెక్కాడు, ఆ అదృష్టవంతుడెవరో తెలిస్తేగా. పెళ్ళికూతురు సులువుగానే వచ్చింది. తరువాతి వరుసలో, పిల్లల తల్లి అయిన నెలీడా దగ్గర ఉలి ఆగిపోయింది. ముప్పై అయిదేళ్ళకు తన కూతురు ఎలా ఉండేదో ఆ తండ్రికి తెలియదు. ఎంత తలచుకున్నా పందొమ్మిదేళ్ళ పిల్లే కనిపిస్తోంది.  చాలాసేపటికి గానీ చెయ్యి కదల్లేదు.

సాయంత్రం ఫావుస్తినా సొరబుర్రను తిప్పుతూ వరుస వరుసా చూసింది. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. వీపున మూటలో పసివాడు, చెయ్యి పట్టుకుని ఒక పిల్ల, నుదుట రెండు గీతలు, కాస్త వంగిన ముక్కు.

"ఇది నేనే కదయ్యా."

"దానిది నీ పోలికే కదా. ఇంకెవర్ని చూసి చెక్కను?"

 సొరబుర్రను అతని ఒళ్ళో పెట్టింది. తన టోపీ తీసి, నెరిసిన జడలు రెండూ ముందుకు వేసుకుని, కిటికీ వెలుగులో అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఎనిమిదోది కూడా చెక్కు. నా బిడ్డ ముసల్ది కావాలి," అంది.

కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు, కదిలితే అతనికి గీత తప్పుతుందని.