పచ్చగా మిగిలిన మొక్క

మధ్యాహ్నం కూలివాళ్లంతా నీడకు చేరారు. ఆమె మాత్రం గట్టు దాటి తన కౌలు చేలోకి వచ్చి నిలబడింది. మినుము చేను చేనంతా పసుపు పచ్చగా మాడిపోయి ఉంది.

గట్టుకు అవతల వంగడాల క్షేత్రం. తెగులును తట్టుకుని బాగా కాసే మినుమును తయారు చేసే చోటు. తట్టుకుంటుందో లేదో తెలియాలంటే ముందు తెగులు రావాలి. అందుకే కొత్త రకాల మధ్య బలం లేని పాత రకాన్ని ఒక్కో సాలు విత్తుతారు. దానిమీద తెల్లదోమ పెరిగి, ఆకుల్ని పసుపు పచ్చగా మార్చే పల్లాకు తెగులును చుట్టూ అంటిస్తుంది. ఆ సాళ్లు విత్తింది ఆమె చేతులే. మంచి విత్తనం పక్కన మంచే జరుగుతుందని, అత్త వద్దన్నా వినకుండా ఈ మడి కౌలుకు పట్టింది.

చేలో దోమ కనబడి ఆమె మందు కొట్టబోయిన రోజున క్షేత్రం అధికారి అడ్డుపడ్డాడు.

"ఆ గాలికి మా దోమ చస్తుందమ్మా. పరీక్ష పాడవుతుంది. కొట్టావంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆమె డబ్బా దించేసింది.

"దేవుడు దోమనెందుకు పుట్టించాడో నేనడగను. దానికి కాపలా ఉండమని మాత్రం ఎవరికీ చెప్పి ఉండడే అమ్మాయ్!" అంది అత్త ఆ పూట.

ఇప్పుడు ఆ మాడిన చేను నడుమ ఒక్క మొక్క నిగనిగలాడుతోంది. ఒళ్లంతా కాయే. కాండానికి ఎర్రదారం. ఎంపికైన మొక్కకు క్షేత్రంవాళ్లు కట్టే దారం అది. తన చేలోకి వచ్చి ఎవరు కట్టారో ఆమెకు తెలియదు.

అధికారి గుడ్డసంచితో గట్టు దిగాడు. వెనకే అత్త వచ్చింది.

"అదృష్టవంతురాలివి! ఇన్నేళ్లుగా మేం వెతుకుతున్నది నీ చేలో దొరికింది."

"చేను పోయినదాన్ని సార్."

"పోబట్టే కదా దీని సత్తా తెలిసింది! ఆనాడు మందు కొట్టనివ్వకపోవడం ఎంత మంచిదైందో." నిజంగానే సంతోషపడ్డాడు. "మిగతాది పీకేయకు. కొత్త మడికి ఈ దోమ కావాలి."

"ఈ గింజల్లో మాకేమైనా ఇస్తారా?"

"ఇవి తినడానికి కాదమ్మా. పదేళ్లు పోతే విత్తనంగా వస్తుంది. అప్పుడు నీకూ అమ్ముతారు."

"పదేళ్లా నాయనా? అందాకా ఎసరు కాగుతూనే ఉండాలంటావా?" అంది అత్త.

అతను నవ్వేసి వంగాడు. ఆమె అడ్డంగా వచ్చి మొక్క ముందు కూర్చుంది. ఎర్రదారం ముడి విప్పింది.

"కోయనివ్వను."

"పని పోతుంది."

"పోనివ్వండి."

ఎండకు ఓ కాయ చిటుక్కుమంది. గింజలు ఆమె పాదాల దగ్గర మట్టిలో పడ్డాయి. ముగ్గురూ చూశారు. ఎవరూ వంగలేదు.