దిబ్బ తోలిన రెండు రోజులు

"ఇంటి పనికి టిల్లర్ ఎందుకే? డీజిల్ దండగ. మీరిద్దరూ ఉండారు కదా," అన్నాడు మా ఆయన బైలప్ప, చొక్కా తొడుక్కుంటూ. కోపంగా అనలేదు. కూరలో ఇంకాస్త ఉప్పు వెయ్యి అన్నంత మామూలుగా అని, సంచీ చంకలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

అది తొంభై రెండో సంవత్సరం, మృగశిర కార్తె. రెండేళ్ళు మొహం చాటేసిన వాన ముందురోజు సాయంత్రం మా అరసికెరె నేలంతా నానేలా కురిసింది. వేరుశనగ విత్తనానికి పావగడ సొసైటీ దగ్గర లైను కడతారు. కాయలు చేతికందడానికి రెండు రోజులు పడుతుంది. ఆయన తిరిగొచ్చేలోగా పెరట్లోని దిబ్బ ఎరువంతా చేలో పడాలి. ఎద్దుల్ని కిందటేడు మేత లేక అమ్మేశాం, బండీ వాటితోనే పోయింది. వాటి తర్వాత సబ్సిడీలో వచ్చింది ఈ పవర్ టిల్లర్. రెండు చక్రాల మీద ఇంజను, పట్టుకుని తోలడానికి రెండు పొడుగాటి పిడులు, వెనక తగిలించుకునే ట్రాలీ. ఊళ్ళోవాళ్ళు తమ చేలు దున్నుకోవడానికి బాడుగకు తోలుకుపోతారు, తిరిగి తెచ్చి రేకుల కింద నిలబెడతారు. మా దిబ్బను మాత్రం నేనూ మా అత్త నరసక్కా గంపలకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని, అర మైలు నడిచి చేలో పోయాలి.

బరువులు మోయొద్దని పావగడలో డాక్టరమ్మ నాకు చెప్పి అప్పటికే ఏడాది దాటింది. మూడో కాన్పు తర్వాత గర్భసంచి కిందికి జారింది. ఆపరేషన్ చెయ్యాలి, అప్పటిదాకా జాగ్రత్త అంది ఆమె. ఇంటికొచ్చి నేను చెప్పింది "నడుం నొప్పి" అని మాత్రమే. "నడుం నొప్పి ఎవరికి లేదు?" అన్నాడు ఆయన. అసలు మాట చెప్పాలని రెండుమూడుసార్లు దగ్గరికి వెళ్ళాను. వేరే ఏదో చెప్పి తిరిగొచ్చేదాన్ని. మన ఒంట్లో ఆ భాగానికి ఇంట్లో పలకదగ్గ పేరే లేదు కదా, ఏమని చెప్పను? ఆయన చెవి మాత్రం చాలా చురుకు. టిల్లర్ సందు మలుపు తిరుగుతుంటే చాలు, తల పక్కకు వంచి విని, "చప్పుడులో ఏదో తేడా ఉండాది" అనేవాడు. మర్నాడే వై.ఎన్.హొసకోట నుంచి మెకానిక్కు వచ్చేవాడు. అదే మనిషి, నాలుగేళ్ళుగా నా నడక మారడం చూడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లకు జ్వరమొస్తే భుజాన వేసుకుని రెండు మైళ్ళు పరిగెత్తినవాడు. నావైపు ఎలా చూడాలో ఆయనకెవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు.

ఆ పొద్దున ఆరు గంపలు మోశాను. ఏడోది ఎత్తబోతుంటే కడుపులో నుంచి ఏదో కిందికి లాగినట్లయింది. దిబ్బ వెనక్కి పోయి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అడుగుల చప్పుడైంది. అత్త. ఇక మొదలవుతుందనుకున్నాను. "ఆరు గంపలకే అలిసిపోతే సంసారం ఎట్ల చేస్తావు", "మేము నిండు చూలుతో మోసినాం" — పన్నెండేళ్ళుగా నాకు కంఠతా వచ్చిన మాటలు. ఆమె మాత్రం గంప పక్కకు జరిపి, నా ఎదురుగా మెల్లగా చతికిలబడి, గొంతు తగ్గించి అడిగింది:

"దిగిందా?"

తల ఊపాను. కాసేపటికి, "నీకెట్ల తెలిసింది అత్తా?" అన్నాను.

"కూసున్న తీరు చూస్తే తెలీదా? ఎవురూ లేనప్పుడు నేనూ ఇట్లనే కూసుంటా." కొంగుతో నా మొహం మీది చెమట తుడిచింది. "పాత గుడ్డ ఉండ చుట్టి పెట్టుకుంటా. పొద్దున పెట్టుకుంటే మాపటిదాకా నడుస్తాది."

ఎన్నేళ్ళుగా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, ఒకే నొప్పిని ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. ఏడుపొచ్చింది. అత్త కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత రేకుల వైపు చెయ్యి చూపించింది.

"లెయ్యి. దాన్ని బయటికి తియ్యి."

"ఆయప్ప ఒప్పుకోడు అత్తా."

"ఆయప్ప పావగడలో ఉండాడు. నేను ఈడ ఉండా."

నాకు టిల్లర్ తోలడం తెలుసు. ఎన్నడూ తోలలేదు, అంతే. దాన్ని కొత్తగా తెచ్చినప్పుడు నేర్పడానికొచ్చిన మనిషి మా పెరట్లోనే రెండు రోజులు చెప్పాడు. క్లచ్చు ఇది, గేరు ఇది, ఎటు తిరగాలంటే అటువైపు పిడి కింది మీట నొక్కాలి అని. ఆయన ఎదురుగా నిలబడి నేర్చుకుంటే, నేను అంట్లు తోముతూ నేర్చుకున్నాను. బాడుగ నుంచి రాగానే బురద కడిగేదీ, గ్రీసు పెట్టేదీ నేనే. స్టార్ట్ చేయడమే కష్టం. ఇంజనుకు హ్యాండిలు తగిలించి గిర్రున తిప్పాలి, దానికి బలం కావాలి. అత్త గోడ మీదుగా పక్కింటి గంగక్కను కేకేసింది. చెరువు పనుల్లో రాళ్ళెత్తిన మనిషి గంగక్క. కొంగు బిగించి, రెండుసార్లు తిప్పి అరచేతులు ఊదుకుంది. మూడోసారి నల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది.

"ఓయమ్మో, పలికిందే!" అని గంగక్క ఎగిరి వెనక్కి దూకింది.

నేను ట్రాలీ ముందున్న సీటు మీద కూర్చుని క్లచ్చు వదిలాను. టిల్లర్ ఒక్కసారిగా ముందుకు దూకి, నేను నొక్కాల్సిన మీట నొక్కేలోగా కోళ్ళ గూడును పడగొట్టింది. కోళ్ళు అరుచుకుంటూ నాలుగు వైపులా పరుగెత్తాయి. వెనక్కి చూస్తే అత్త నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయేలా నవ్వుతోంది. ఆమె పై పన్ను ఒకటి విరిగి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అంత నవ్వు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ట్రాలీని దిబ్బకు ఆనించి నిలబెట్టి, పైనుంచి పారతో లాగితే చాలు, ఎరువు దానంతటదే అందులో పడింది. ఎత్తే పని లేదు. గంగక్క లాగింది, అత్త సర్దింది, నేను తోలాను. టీ అంగడి ముందు మా ఊరి హొన్నూరప్ప దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏమ్మా లక్ష్మీదేవమ్మా, బైలప్ప ఇంట్లో నువ్వే మొగోడివైనావా?" అన్నాడు. అంగట్లో వాళ్ళంతా నవ్వారు. వెనక ఎరువు మీద కూర్చున్న అత్త గొంతెత్తి, "పక్కకు జరుగప్పా, ఆపేది మా కోడలికి ఇంకా రాదు!" అంది. హొన్నూరప్ప పంచె ఎగ్గట్టి కాలవలోకి దూకాడు.

నెత్తిన గంప ఉంటే పాదాల ముందు రెండడుగుల నేల తప్ప ఏదీ కనబడదు. పన్నెండేళ్ళు నడిచిన ఆ దారిని ఆ రోజు తల ఎత్తి చూశాను. కానుగ చెట్లు చిగురు వేసి ఉన్నాయి. దూరంగా గుండ్ల కొండ వానకు తడిసి నల్లగా మెరుస్తోంది. కుదుపులకు వీపు పట్టేసింది గానీ, ఒంట్లోని ఆ బరువు మాత్రం కిందికి లాగలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి దిబ్బ ఉన్నచోట నున్నటి నేల మిగిలింది.

సాయంత్రం ఆయన విత్తనం మూటతో వచ్చాడు. చేను మీదుగానే వచ్చినట్టున్నాడు, మూట దించకుండానే అడిగాడు.

"ఎవురు తోలినారు దాన్ని?"

"నేనే."

"ఏమన్నా అయ్యింటే?"

"దేనికి?" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. డాక్టరమ్మ వాడిన మాటే వాడాను. "నాకు గర్భసంచి జారిండాది. నాలుగేళ్ళయింది. ఆపరేషన్ చెయ్యాలంట."

"నాలుగేళ్ళా? మరి నాకెందుకు చెప్పలే?"

"నడుం నొప్పి అని చెప్పినా."

ఆయన ఎప్పటిలాగే తల్లివైపు తిరిగాడు. "అమ్మా, ఇది నిజమేనా? నీకు తెలుసా?"

అత్త చేటలోని బియ్యం మీద నుంచి కళ్ళెత్తలేదు. "నువ్వు పుట్టిన తొమ్మిదో నాడు నేను బాయి నుంచి కడవ మోసినా, నాయనా. ఆపొద్దు నుంచి నాకూ అంతే. ముప్పై ఎనిమిదేళ్ళు."

ఆయన మూటను మెల్లగా కింద పెట్టాడు. రేకుల కిందికి వెళ్ళి, ట్రాలీ అంచుకు అంటుకుని ఎండిపోయిన ఎరువును గోళ్ళతో గీకుతూ నిలబడ్డాడు.

"రేపు మొదటి బస్సుకు నేనూ అత్తా పావగడ పోతాం," అన్నాను.

"నేల పదును ఆరిపోతాదే. రేపు విత్తకుంటే..."

"గంగక్కను పిలుచుకో. ఇంకా ఎంతమంది కావాలో పిలుచుకో."

తెల్లవారి లేచేసరికి పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆయన పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. పొగకేనా అని నేను అడగలేదు. "అమ్మను కిటికీ పక్కన కూసోబెట్టు, తల తిరుగుతాది," అన్నాడు.

బస్సులో అత్త నా చెయ్యి వదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆమెకు అదే మొదటిసారి. "నా సంగతి కూడా నువ్వే చెప్పు పాపా, నాకు సిగ్గు," అంది.

"నీది నువ్వే చెప్పాల అత్తా. నీ పక్కనే ఉంటా."

ఆమె కిటికీలోంచి చూస్తూ పెదవులు కదిపింది. ముందు వినబడీ వినబడకుండా, తర్వాత కాస్త తెలిసేలా, నిన్న నేను ఆయనతో అన్న ఆ ఒక్క మాటను చెప్పి చూసుకుంది. నాలుగోసారి గట్టిగానే వచ్చేసింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. అత్త ఆపలేదు.