ఎడమచక్రం నట్టు

ఆ ఆదివారం కౌశల్య వాళ్లన్న ఈ చెరకు దీవి వదిలి మన దేశానికి వెళ్లిపోతున్నాడు. లంబాసా ఏటిలో పోటు ఎక్కగానే పొగపడవ కదులుతుంది, సువా రేవులో పెద్ద ఓడ ఎక్కుతాడు. అన్నాచెల్లెళ్లు ఒకే ఓడలో కూలికి వచ్చారు. దిగిన రోజునే చెరో తోటకి పంపేశారు. గిర్మిట్ అంతా, అంటే కూలి ఒప్పందం తీరేదాకా, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇక చూసుకోడానికి ఇదే ఆఖరు.

కౌశల్యకు నెలలు నిండాయి. అంత దూరం నడవలేదు. ఆమె మొగుడు ధర్మయ్య తోట దొరని బతిమాలి చెరకు బండి తెచ్చాడు. కూలి లైన్లలో వాళ్ల పక్క గది నాది, సాయానికి నేనూ వెళ్లాను.

ధర్మయ్య మన దేశంలో, ఊళ్లో బండి తోలినవాడే. అక్కడ ఇరుసు చివర సీల ఉంటుంది, తడితే వస్తుంది. ఇక్కడ ఇనుప ఇరుసు, దాని చివర నట్టు, చక్రం తీయాలంటే అది విప్పాలి. మావాళ్లు ప్రయాణానికి ముందు చక్రాలకు కందెన పెడతారు, కుడివైపే మొదలుపెడతారు. కుడి నట్టు ప్రదక్షిణానికి ఎదురుగా తిప్పితే సులువుగా ఊడింది. ఎడమదీ అలాగే తిప్పాడు. కదల్లేదు.

"అలాగే పోదాం పదయ్యా. ఎద్దులు నిలబడే నిద్దరోతున్నాయి," అంది కౌశల్య.

"పొడి చక్రం దారిలో పట్టేస్తే నిన్నెవడు మోస్తాడే? ఇద్దరి బరువు!"

"మోస్తే అరిగిపోతావేటి?"

ధర్మయ్య నవ్వి పానాకి గొట్టం తొడిగాడు. నేనూ అతనూ దానిమీద వేలాడాం.

"పోనీ రెండోవైపు తిప్పి చూడరాదా?" అంది కౌశల్య.

"కుడిది ఎటు ఊడిందో చూళ్లేదేటి? అటు తిప్పితే ఇంకా బిగుస్తాది."

సుత్తి తీసి పానా మీద కొట్టాడు. నట్టు చీలిపోయింది. ఇరుసు మీద మరలు నలిగిపోయాయి. ఇక చక్రం నిలవదు.

పక్క తోట బండివాడు రాందాస్ అటుగా నడిచి వెళ్తూ ఆగాడు. మా లైన్లలో తిరిగి తెలుగు నేర్చుకున్న మనిషి.

"అరే భాయ్, ఎడమది ఉల్టా మర! చక్రం ముందుకి దొర్లేవైపు తిప్పితే బిగుస్తాది, వెనక్కి దొర్లేవైపు తిప్పితే ఊడతాది. రెండింటికీ అంతే. లేకపోతే బండి నడుస్తుంటేనే ఊడి పడిపోదా?"

కౌశల్య అప్పటికే బాట పట్టింది. కడుపు కింద చెయ్యి పెట్టుకుని, చెరకుతోటల మధ్య నుంచి, వెనక్కి చూడకుండా నడిచింది. మేం వెనకాలే వెళ్లాం. రెండుచోట్ల కూలబడింది. ధర్మయ్య ఎత్తుకోబోతే చెయ్యి తోసేసింది.

రేవు చేరేసరికి పడవ ఏటి వంపు తిరిగిపోయింది. పొగ ఒక్కటే కనబడింది. గట్టున చేపలమ్మే బిమ్లా చెప్పింది: "ఒకడు పడవ ఎక్కే పలక మీద నిలబడి, నా చెల్లి వస్తాది, కాస్త ఆపండని అరిచాడు. చెయ్యిపట్టి లోపలికి లాగారు."

కౌశల్య బురదలోనే కూర్చుంది.

ధర్మయ్య ఆమె పక్కన చతికిలబడ్డాడు. "నా గిర్మిట్ కూడా తీరగానే ఇంకో పడవలో మనమూ..."

"అన్న ఏ ఊరు పోతాడో నీకు తెలుసా?" అంది. "మా ఊళ్లో మాకెవరున్నారని అక్కడికి పోతాడు? ఇక ఎక్కడని వెతకను? ఏ ఊరు పోతావని అడుగుదామనే బయలుదేరాను."