ఉప్పు ఇంటి చరణం

నోటో తీరంలో ఇసొజాకి అనే ఊళ్ళో పొద్దు పొడవగానే వల లాగేవారు. పడవ వెళ్ళి సముద్రంలో వల దింపి వచ్చేది. దాని రెండు మోకులూ పట్టుకుని ఊరంతా ఒడ్డు మీద నుంచి లాగేది. ఆ లాగుడికి పాట కావాలి. పాట లేకపోతే ఒకరు ముందు, ఒకరు వెనక లాగి వల చిరుగుతుంది. ఆ ఊళ్ళో పాటని ఉత అనేవారు, పద్యాన్నీ ఉత అనే అనేవారు. పట్నంలో పెద్దమనుషులు కుంచెతో రాసేదీ, ఇక్కడ గొంతు చించుకుని పాడేదీ ఒకటే ఎలా అవుతాయని ఎవరూ అడగలేదు. మోకు పట్టుకున్నవాళ్ళకి అలాంటి సందేహాలు రావు.

పాట ఎత్తుకునేది తొమె. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం కంచు. ఊళ్ళో ఇంటికో చరణం ఉంది. మొదటి సగం తొమె పాడితే రెండో సగం ఆ ఇంటివాళ్ళే అందుకోవాలి. ఇంటివాళ్ళంటే బతికున్నవాళ్ళూ, పోయినవాళ్ళూ కూడా. ఒకసారి ఆ మోకు పట్టిన మనిషి ఎక్కడ ప్రాణం వదిలినా, గొంతు ఈ ఒడ్డుకే వచ్చేది. ఒసాకాకి కాపురానికి వెళ్ళిన పిల్ల పోయినప్పుడు టెలిగ్రాం కంటే ముందు ఆమె గొంతే వచ్చింది. వాళ్ళమ్మ మోకు వదలకుండానే ఏడ్చింది.

పక్కింటి ఒసుగి మొగుడు బతికున్నన్నాళ్ళూ అపశ్రుతే, పోయాకా అపశ్రుతే.

"చచ్చాకైనా కాస్త సాధన చెయ్యొచ్చుగా ఈయన" అనేది ఒసుగి, మోకు లాగుతూ.

ఒక్క చరణం మాత్రం తొమె మూడు శీతాకాలాలుగా పాడలేదు. అది సొంత ఇంటిది. తాతల నాడు సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు తీసేవారని దాన్ని ఉప్పు ఇల్లు అనేవారు. కొడుకు కన్జి ఉత్తరాన చేపల వేటకి వెళ్ళాడు. పడవా రాలేదు, పడవ చెక్కా రాలేదు.

"వాడొచ్చాక పాడతాలే" అనేది తొమె.

పాడితే వాడి గొంతు వస్తుందేమోనని ఆమె భయం. కోడలు షిగెనొదీ అదే భయం. గొంతు వినపడనంత కాలం మనిషి బతికున్నట్టే. అందుకని రోజూ భోజనాల దగ్గర మూడో గిన్నె కూడా పెట్టేవారు. ఊరివాళ్ళకీ అంతా తెలుసు. ఆ ఇంటి ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు చలి మొదలవుతుండగా కనజావా నుంచి షిగెనొ అన్న మసకిచి వచ్చాడు. అక్కడ బట్టలకి రంగులద్దే మనిషి ఒకతనున్నాడు, భార్య పోయింది, చిన్న కూతురుంది. షిగెనొని చేసుకుంటానని అడిగించాడు.

"మంచివాడమ్మా. చేతులు నీలంగా ఉంటాయి గానీ మనసు తెల్లటిది. మంచు పడేలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు."

"ఏం చెప్పను అన్నయ్యా? ఆయన ఉన్నాడో లేడో తెలీకుండా ఔననలేను, కాదనీ అనలేను" అంది షిగెనొ. "ముప్పై నాలుగేళ్ళొచ్చాయి నాకు. ఈ గడప మీదే నిలబడిపోయాను. ఇటూ కాదు, అటూ కాదు."

వంటింట్లో ముల్లంగి తరుగుతున్న తొమె కత్తి ఆపింది. కోడలి బతుకుకి వేసిన తలుపు తన గొంతులోనే ఉందని ఆమెకి తెలుసు. ఈ పిల్ల వెళ్ళిపోతే ఇంట్లో తనొక్కతే. ఆమె మళ్ళీ కత్తి అందుకుంది గానీ, ఆ పూట ముక్కలన్నీ వంకరగా పడ్డాయి.

మర్నాడు మసకిచి కూడా మోకు పట్టాడు. తొమె వరసగా చరణాలు ఎత్తుకుంది. ఇంటింటివాళ్ళూ అందుకున్నారు, ఒసుగి మొగుడు ఎప్పట్లాగే పాడాడు. వల బరువెక్కింది. అప్పుడు తొమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది:

"ఉప్పు ఇంటి వాకిట్లో వాన వెలిసింది..."

ఎవరూ మోకు వదల్లేదు. షిగెనొ వెనకాల ఎవరో సన్నగా గొంతు సవరించుకున్నారు. కన్జికి పాట ముందు అలా సవరించుకోవడం అలవాటు.

"పడవ కట్టిన మోకు మీద పిట్ట వాలింది."

అదే గొంతు. షిగెనొ వెనక్కి తిరగలేదు, తిరిగితే ఇసకే కనబడుతుందని తెలుసు. తొమె రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆమె కూడా గొంతు కలిపింది. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మొగుడితో కలిసి పాడటం అదే ఆఖరని తెలిసి, చివరి మాట కాస్త సాగదీసి పాడింది.

వల ఒడ్డుకొచ్చింది. పాట అందుకున్నవాళ్ళందరికీ చేపల్లో వాటా ఉంటుంది. పోయినవాళ్ళ వాటా గుప్పెడు, తిరిగి నీళ్ళలో వదలాలి. షిగెనొ మోకాళ్ళ లోతుకి వెళ్ళి కన్జి వాటా వదిలి వచ్చింది. తొమె ఇసక మీద కూర్చుని ఉంది.

"నా భయానికి నిన్ను కట్టేశానే. ఇంక వెళ్ళు" అంది.

"మీరొక్కరూ ఎలా ఉంటారత్తయ్యా?"

"ఒక్కదాన్నా? ఇందాక విన్లేదూ? రోజూ పొద్దున్నే కొడుకు పలుకుతుంటే ఒక్కదాన్నెలా అవుతాను?"

షిగెనొ అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. మంచు పడకముందే ఆమె అన్నతో బస్సెక్కింది. ఆ సాయంత్రం తొమె మూడో గిన్నె కడిగి కన్జి పటం ముందు పెట్టింది.

వసంతం వచ్చి సార్డీన్ చేపలు మళ్ళీ ఒడ్డుకి చేరాయి. తొమె ఇప్పుడు అన్నింటికంటే ముందు ఉప్పు ఇంటి చరణమే ఎత్తుకునేది. పాడి, చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టేది. గొంతు సవరించుకున్న చప్పుడయ్యేది, తర్వాత కన్జి పాడేవాడు. మరో గొంతేదీ కలిసేది కాదు. అప్పుడు గానీ ఆమె ఊపిరి వదిలేది కాదు.

"నీ కోడలి గొంతు లేక బోసిగా ఉందే తొమె" అంది ఒసుగి ఒకరోజు.

"అది రాలేదని వినడానికేగా రోజూ పాడేది" అంది తొమె. తర్వాతి ఇంటి చరణం ఎత్తుకుంది.